ముళ్ళు తీసిపెట్టిన చేప

తిన్నానే తల్లీ, నేనూ తిన్నాను. మొన్న పుణె నుంచి ఫోన్ చేసి, ఫ్రెంచి హోటల్లో భోజనం చేశామని చెప్పి, "అమ్మమ్మా, నువ్వెప్పుడైనా అలాంటివి తిన్నావా" అని నువ్వడిగినప్పుడు పక్కన నీ తమ్ముడు నవ్వడం వినపడింది. నా చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. వాడికి కూడా ఇది చదివి వినిపించు.

డెబ్బైల మొదట్లో సంగతి. మీ తాతయ్యకు ఇక్కడ ఫ్యాక్టరీలో ఫిట్టరు ఉద్యోగం వస్తే, బందరు నుంచి రెండు ట్రంకు పెట్టెలతో పటాన్‌చెరులో దిగాం. మీ అమ్మ అప్పటికి ఐదు నెలల పిల్ల. క్వార్టర్లలో మా గోడ అవతల ఒక టీచరమ్మ ఉండేది. సంగారెడ్డి ఆవిడ, చర్చి బడిలో చెప్పేది. బంధువులెవరూ లేని ఊళ్ళో నాకు అమ్మా అక్కా అన్నీ ఆవిడే.

ఆ ఏడు ఫ్యాక్టరీకి ఫ్రాన్సు నుంచి ఒక మెషీను వచ్చింది. దాన్ని బిగించడానికి నెరిసిన జుట్టు ఇంజినీరు ఒకాయన కూడా వచ్చాడు. ఆ మెషీను నడపాలంటే మనవాళ్ళలో ఒకరు ఫ్రాన్సు వెళ్ళి ఎనిమిది నెలలు పని నేర్చుకుని రావాలి. ఇద్దరి పేర్లు అనుకున్నారు. మొదటి పేరు మీ తాతయ్యది. అయితే అంతకుముందు వేరే ఫ్యాక్టరీ నుంచి వెళ్ళినవాళ్ళు అక్కడి తిండి తినలేక రెండు నెలలకే తిరిగొచ్చేశారట. అందుకని ఆ ఫ్రెంచాయన ఒక షరతు పెట్టాడు. పని చెయ్యగలడో లేదో చూశాను, ఇక తినగలడో లేదో చూడాలి, ఫలానా ఆదివారం మధ్యాహ్నం భార్యాభర్తలిద్దరినీ సిటీలో ఫ్రెంచి హోటలుకు తీసుకురండి అని ఫ్యాక్టరీ ఆఫీసరుగారితో చెప్పాడు. ఇంటర్వ్యూ కంచం ముందే అన్నమాట.

మీ తాతయ్య సంబరం ఏం చెప్పను. ఏప్రిల్ ఎండల్లో సంగారెడ్డి వెళ్ళి ఉన్ని స్వెట్టరు కొనుక్కొచ్చి, సరిపోయిందో లేదో చూస్తానని వేసుకుని, చెమటలు కక్కుతూ గంటసేపు ఇంట్లో తిరిగారు. నేను బాగుందన్నాను. లోపల మాత్రం నాకు వెళ్ళొద్దనే ఉంది. చంటిపిల్లతో, ఊరుకాని ఊళ్ళో, ఎనిమిది నెలలు. కానీ అంత సంతోషంగా ఉన్న మనిషితో ఆ మాట ఎలా అంటాం? అనలేదు.

ఇక కత్తీ ముళ్ళచెంచాతో తినడం నేర్చుకోవాలి. టీచరమ్మ దగ్గర మిషనరీ ఆసుపత్రి దొరసాని ఇచ్చిన ముళ్ళచెంచా ఒకటుండేది. దానికీ ఒక పన్ను విరిగిపోయింది. మీ తాతయ్య దాన్ని ఫ్యాక్టరీకి తీసుకెళ్ళి, కొలతలు తీసి, డ్రాయింగు గీసి, అడిగి తెచ్చుకున్న తుక్కు రేకుతో నాలుగు చేశారు. బయటికి తేవాలంటే గేటు పాసు కావాలి కదా. గేటు దగ్గర వాచ్‌మన్ వాటిని తిప్పి తిప్పి చూసి ఎందుకని అడిగాడట. అన్నం తినడానికి అన్నారట ఈయన. "చేతులు మంచిగనే ఉన్నయ్ గద సార్" అన్నాడట అతను.

సాయంత్రాలు టీచరమ్మ పాఠాలు మొదలయ్యాయి. కత్తి కుడిచేతిలో, ముళ్ళచెంచా ఎడమచేతిలో పట్టుకోమంది. ఎడంచేత్తో అన్నం నోట్లో పెట్టుకోవడమేమిటి వదినా అన్నాను.

"ఆడ గంతే వదినా. ఆళ్ళకు ఏ చెయ్యైనా ఒక్కటే. జెర కళ్ళు మూసుకొని తిను."

కళ్ళు మూసుకుంటే చెంచా బుగ్గకు గుచ్చుకుంది. మా ఆయన చేసిన పళ్ళు అంత పదును. పెసరట్టు మీద నేర్చుకున్నాను, ఉడకబెట్టిన చిలగడదుంప మీద నేర్చుకున్నాను. గుత్తి వంకాయ మీద కత్తి ఆనించగానే అది కంచంలోంచి ఎగిరి టీచరమ్మ ఒళ్ళో పడింది. ఆవిడ చీర దులుపుకుని, నువ్వక్కడ ఎక్కువ తినకు, తిన్నట్టు కనపడు చాలు అని తేల్చేసింది. చాలనుకున్నప్పుడు కత్తీ చెంచా రెండూ పక్కపక్కన పెడితే కంచం తీసేస్తారని కూడా చెప్పింది.

మీ తాతయ్య మాత్రం రెండు వారాల్లో మాస్టరైపోయారు. ఇడ్లీని కొలిచినట్టు ఎనిమిది ముక్కలు చేసేవారు. బఠాణీలు ఒక్కొక్కటే గుచ్చి తినేవారు. చుట్టుపక్కలవాళ్ళు గోడమీద చేతులానించి చూసిపోయేవారు. చారన్నం కూడా వాటితోనే తింటానంటే నేనే వద్దన్నాను.

ఆ ఆదివారం పిల్లను టీచరమ్మకు అప్పగించి, పట్టుచీర కట్టుకుని, ఆయనతో ఆర్టీసీ బస్సెక్కాను. దారిలో ఒక్కమాట నా నోరు జారింది. ఎనిమిది నెలలంటే, మీరొచ్చేసరికి చంటిది నడిచేస్తుంది కదండీ అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. విన్నారో లేదో కూడా తెలియలేదు.

హోటలు చల్లగా, చీకటిగా ఉంది. పట్టపగలు కొవ్వొత్తులు వెలిగించారు. తెల్లకోటు వేసుకున్న వడ్డన మనిషి నా కుర్చీ వెనక్కి లాగాడు. కూర్చోబోతే ముందుకు తోశాడు. కుర్చీ అతనికి కావాలేమోనని లేచాను. మళ్ళీ లాగాడు, మళ్ళీ కూర్చోబోయాను, మళ్ళీ తోశాడు. ఈ తతంగం మూడుసార్లు జరిగాక ఆఫీసరుగారు దగ్గారు. అప్పుడు కూర్చున్నాను.

సూపు వచ్చింది. ఫ్రెంచాయన, ఆఫీసరుగారు, మీ తాతయ్య, నేను, నలుగురి ముందూ పెట్టారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మగవాళ్ళు, అందులోనూ పరాయి దేశపు పెద్దాయన, ఇంకా మొదలుపెట్టకుండా నేనెలా తింటాను? మా ఇంట్లో ఏనాడూ అలా తినలేదు. ఫ్రెంచాయన నా వంక చూసి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆయన తినలేదు. ఆయన తినలేదని ఆఫీసరుగారు తినలేదు. ఆఫీసరుగారు తినలేదని మీ తాతయ్య తినలేదు. సూపు మీద మీగడ తెట్టు కట్టింది. ఎవరైనా చచ్చిపోతే మౌనం పాటిస్తారే, అలా ఉన్నాం నలుగురం.

చివరికి ఆ తెల్లకోటు మనిషి, గ్లాసులో నీళ్ళు పోస్తున్నట్టు వంగి, నా చెవి దగ్గర గుసగుసగా అన్నాడు. "జెర ఒక్క చెంచ నోట్ల పెట్టుకోండ్రి అమ్మా. మీరు షురూ చెయ్యంది గా దొర ముట్టడు. గది ఆళ్ళ పద్ధతి. ఇంకో బల్లకాడికి పోవాలె నేను."

చెంచా ఎత్తాను. మరుక్షణం మూడు తలలూ ఒక్కసారి వంగాయి. చెంచా దించి చూశాను. మర్యాదకు ఫ్రెంచాయన కూడా దించాడు. పెళ్ళయిన నాలుగేళ్ళలో నా చేతికి అంత అధికారం రావడం అదే మొదలు. నిజం చెప్పాలంటే, ఆ తర్వాత రెండుసార్లు ఊరికే దించి చూశాను.

తర్వాత రొట్టె పెట్టారు. దాంట్లోకి కూర వస్తుందేమోనని చాలాసేపు చూశాను. కూరేమీ లేదట. ఆ తర్వాత తలా ఒక చేప. తలతో సహా, తెల్లగా, వెన్న నీళ్ళలో పడుకుని ఉంది. కారం లేదు, పసుపు లేదు. జ్వరపు పథ్యంలా ఉంది. కత్తి పెడితే చేప జరిగిపోయింది. ఎలాగో ఒక ముక్క గుచ్చి నోట్లో పెట్టుకుంటే దాంట్లో ముల్లు. నలుగురిలో వేలు పెట్టి ఎలా తీస్తాను? నీళ్ళతో మింగేశాను. ప్రాణం మీద ఆశ పుట్టి, టీచరమ్మ చెప్పినట్టు కత్తీ చెంచా పక్కపక్కన పెట్టేశాను. పొద్దున్నించి కాఫీ తప్ప ఏమీ లేదు. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నాయి.

అటు మీ తాతయ్య చేపను చూడాలి. ఒక వైపు తినేసి, వెన్నుముల్లు కత్తితో చెక్కుచెదరకుండా లేపి, కంచం అంచున పెట్టారు. ఫ్రెంచాయన కళ్ళు మెరిశాయి. ఆఫీసరుగారితో ఏదో అన్నాడు. ఆఫీసరుగారు మురిసిపోతూ, మా దేశంలో పుట్టినవాడిలా తింటున్నాడంటున్నారయ్యా, ఇక నీ ప్రయాణం ఖాయమే అన్నారు.

అప్పుడే తెల్లకోటు మనిషి నా కంచం తియ్యబోయాడు. మీ తాతయ్య నా కంచం చూశారు. నా మొహం చూశారు. చేతిలో ఉన్న కత్తీ చెంచా కింద పెట్టి, ఆ కంచం తన ముందుకు లాక్కున్నారు. వేళ్ళతో చేపను విప్పి, ముళ్ళన్నీ ఏరి, ముక్కలు ఒక పక్కకు చేర్చి, నా ముందుకు జరిపారు. అన్నేళ్ళలో నాకాయన మంచినీళ్ళు అందించి ఎరగరు.

"తిను" అన్నారు.

"అందరూ చూస్తున్నారండీ."

"చూడనీ. తిను."

తిన్నాను, చేత్తోనే. ఆయన కూడా తన చేపలో మిగిలింది చేత్తోనే తినడం మొదలుపెట్టారు. అంతటితో ఆగారా? అన్నం ఉందా అని అడిగారు. వచ్చింది. ఊరగాయ ఉందా అన్నారు. ఆ తెల్లకోటు మనిషి లోపలికి వెళ్ళి, తన టిఫిను డబ్బాలోంచి కాబోలు, మూతలో ఇంత తొక్కు పట్టుకొచ్చి, హత్నూరలో వాళ్ళమ్మ పెట్టిందని చెప్పాడు. మీ తాతయ్య వెన్న నీళ్ళూ తొక్కూ అన్నంలో కలిపి, ముద్దలు చేసుకుని, మా ఇంటి వసారాలో కూర్చున్నట్టే తిన్నారు. ఆఫీసరుగారు కొవ్వొత్తి వంక చూస్తూ ఉండిపోయారు.

ఫ్రెంచాయనకు కోపమేమీ రాలేదు. చేతులు తుడుచుకుని, నిదానంగా ఒక ప్రశ్న అడిగాడు. ఆఫీసరుగారు తెలుగులో చెప్పారు. అక్కడ ఎనిమిది నెలలు అన్నం దొరకదు, చేత్తో తినే వీలుండదు, ఉండగలవా అని.

"కష్టమే సార్" అన్నారు మీ తాతయ్య.

వారం తిరక్కుండా రెండో ఆయన పేరు ఖాయమైంది. వెళ్ళాడు, నేర్చుకున్నాడు, తిరిగొచ్చి సూపర్‌వైజరయ్యాడు. మీ తాతయ్య రిటైరయ్యేదాకా ఆయన కిందే పనిచేశారు. ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు.

నేను మూడుసార్లు అడిగాను. తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగితే నిద్రపోయినట్టు కళ్ళు మూసుకున్నారు. రెండో ఆయన ప్రమోషన్ మిఠాయి మా ఇంటికొచ్చిన రోజు అడిగితే, ఆ చేపలో ఉప్పు లేదే అన్నారు. రిటైరయ్యాక ఒకసారి గట్టిగా నిలదీస్తే, ఇప్పుడెందుకే అని నవ్వి, పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఆ తర్వాత అడగడానికి మనిషే లేకుండా పోయారు.

ఏమర్రా, మీరు పెద్ద చదువులు చదువుతున్నారు, మీకేమైనా తెలుస్తుందేమో చూడండి. ఆ రోజు ఆయనకే వెళ్ళాలని లేకపోయిందా, లేక నేను పైకి చెప్పని మాట ఆయనకు వినపడిపోయిందా?