తలుపు కథ

మా కుట్టుకేంద్రం యజమానురాలు నాకంటే చాలా చిన్నది. అయినా అందరితోపాటు నేనూ ఆమెను అక్కా అనే పిలుస్తాను. నా పని బట్ట కత్తిరించడం. ఆమె మిషన్ మీద కూర్చుందంటే ఇద్దరు చేసే పని ఒక్కతే తేల్చేస్తుంది. కానీ కూర్చోనిస్తేగా! వారంలో సగం రోజులు కంపెనీల చుట్టూ తిరగడానికే సరిపోతుంది. అక్క ట్రాన్స్ మహిళ. తనలాంటివాళ్లకు జాలి వద్దు, జీతం కావాలని అడగడానికి ఆ తిరుగుడంతా.

ఎక్కడికి వెళ్లినా ఒకటే తంతు. ఏసీ గది, పూలగుత్తి, ఎవరూ ముట్టని బిస్కెట్లు. మొదటి ప్రశ్న బాత్రూమ్ గురించే. "మరి వాళ్లు ఎందులోకి వెళ్తారండీ?" అని గొంతు తగ్గించి అడుగుతారు. "మీ ఇంట్లో బాత్రూమ్‌కి ఆడా మగా అని బోర్డు పెట్టారా సార్?" అంటుంది అక్క. నవ్వుతారు. కుట్టుపని గురించి చెప్పబోతే ఫోన్లు చూసుకుంటారు. "మీ కథ చెప్పండి మేడమ్" అంటారు. నాన్న ఇంట్లోంచి గెంటేసి తలుపేసుకున్నాడు, వానలో మెట్ల మీద కూర్చున్నాను అని అక్క అనగానే ఫోన్లు పక్కకు పోతాయి. కళ్లు తుడుచుకుంటారు. ఫొటో దిగుతారు. కబురు చేస్తామంటారు. చేస్తే ఒట్టు!

అక్క తిరిగొచ్చి చెప్పులు విడిచి గోడకు జారబడుతుంది.

"మళ్లీ తలుపు కథేనా?" అంటాను.

"అదొక్కటే అమ్ముడుపోతోంది" అంటుంది, కళ్లు మూసుకునే. నాకు ఒళ్లు మండిపోతుంది.

తమాషా ఏమిటంటే, ఆ తలుపేసిన పెద్దమనిషి ఇప్పుడు మా దగ్గరే ఉన్నాడు. ఆయనా దర్జీయే. అక్కకు సూది పట్టడం నేర్పింది ఆయనే. పోయినేడు భార్య చనిపోయింది, దుకాణం మూతపడింది. సంచి పట్టుకుని వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. నేనైతే నాలుగు దులిపి పంపేదాన్ని. అక్క మాత్రం కిటికీ దగ్గర కుర్చీ వేసి, కాజాలు కుట్టమని చొక్కాలు ఒళ్లో పెట్టింది. గుండీ పట్టే ఆ చిన్న కంతకు మిషన్ కుట్టు ఆయనకు గిట్టదు. చేత్తో కుట్టాల్సిందే.

తండ్రీకూతుళ్ల మధ్య మాటల్లేవు. దారం అయిపోతే ఆయన గాల్లోకి చూసి "దారం అయిపోయింది" అంటాడు. అక్క తెచ్చి పక్కన పెడుతుంది. ఒరే అనడానికి నోరు రాదు, అమ్మా అనడానికి నోరు తిరగదు. ఆ మొండితనం చూస్తే ఒక్కోసారి కత్తెర గిరాటెయ్యాలనిపిస్తుంది. కంపెనీల్లో అక్క ఏం చెప్పి వస్తోందో ఆయనకు తెలియదు. తెలియనివ్వొద్దని మా అందరి దగ్గరా మాట తీసుకుంది. "పెద్దాయన. ఇక తలెత్తుకోలేడు" అంది.

ఈ మధ్య ఒక రెడీమేడ్ బట్టల ఫ్యాక్టరీ కదిలింది. మా దగ్గర ఉన్న నలుగురు ట్రాన్స్ మహిళలను పర్మినెంటుగా తీసుకుంటామన్నారు. మా దగ్గర పని ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. వాళ్లలో ఒక పొడుగమ్మాయి, తనకు ఎవరూ గది అద్దెకివ్వక బట్టల మూటల మధ్యే పడుకుంటోంది. ఫ్యాక్టరీ కార్డు చూపిస్తే గది ఇస్తానని ఒకాయన మాటిచ్చాడు. అందుకని ఆ ఫ్యాక్టరీ మేనేజరమ్మ మా పని చూడటానికి వచ్చిన రోజున పొడుగమ్మాయి పొద్దున్నే కుట్టుకేంద్రం మొత్తం తుడిచింది.

మేనేజరమ్మ కుట్లు లాగి చూసింది, మెచ్చుకుంది. తర్వాత స్టూలు మీద కూర్చుని ఫోన్ ఎత్తిపట్టింది.

"ఇప్పుడు మీ కథ చెప్పండి. రికార్డు చేసుకుంటాను."

అక్క కిటికీ వైపు ఒకసారి చూసింది. "మా నాన్న దర్జీ. పని నేర్పింది ఆయనే. తర్వాత... ఇంట్లోంచి వచ్చేశాను" అంది.

"అలా కాదండీ! ఆ రోజు మా ఆఫీసులో చెప్పారే. నాన్న తలుపెయ్యడం, వాన, మెట్లు! అందరం ఏడ్చేశాం."

కిటికీ దగ్గర సూది ఆగింది. మా మిషన్లూ ఆగిపోయాయి.

"ఇవాళ చెప్పలేనండీ. పని చూశారుగా, అది చాలదా?" అంది అక్క.

"మా పెద్దవాళ్ల మనసు కరగాలి కదండీ. పోనీ వచ్చే వారం హెడ్డాఫీసుకి వచ్చి చెప్పండి. లేకపోతే కష్టమే."

పొడుగమ్మాయి తల వంచేసుకుంది. అక్క నోరు తెరిచింది. చెప్పేస్తుందని నాకు అర్థమైపోయింది. నలుగురి కోసం ఆ పని కూడా చేస్తుంది, పిచ్చిది.

ముసలాయన సూదిని చొక్కాకే గుచ్చి లేచి నిలబడ్డాడు. "తలుపేసింది నేనే" అన్నాడు.

మేనేజరమ్మ వెనక్కి తిరిగి చూసింది.

"మెట్ల మీద కూర్చుని పిలుస్తుంటే లోపల నాకు వినపడుతూనే ఉంది. తియ్యలేదు."

మేనేజరమ్మ గబుక్కున ఫోన్ ఆయన వైపు తిప్పింది. "అయ్యో, మీరేనా! ఇద్దరూ కలిసి రండి హెడ్డాఫీసుకి, చాలా బాగుంటుంది!"

"ఇదేమన్నా సినిమానా?" అని అరవబోయాను. ఆయనే అందుకున్నాడు.

"అమ్మాయి రాదండీ. నేనొస్తాను. పాపం నాది, చెప్పుకోవాల్సిందీ నేనే. ఎన్నాళ్లని దానిచేత చెప్పిస్తారు?"

అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. వెళ్లి ఒక దారపు ఉండ తెచ్చి ఆయన కుర్చీ పక్కన పెట్టింది. ఆయన దగ్గర దారం ఇంకా బోలెడుంది.

అన్నట్టే తర్వాతి వారం హెడ్డాఫీసుకి వెళ్లాడు. పొడుగమ్మాయి తోడు వెళ్లింది. అక్క మాత్రం నా కటింగ్ టేబుల్ మీద తల వాల్చి నిద్రపోయింది, అన్ని మిషన్ల చప్పుడులోనూ. తన చేతులకు తగలకుండా చుట్టూ బట్ట కత్తిరించుకున్నాను.

సాయంత్రానికి ఆయన కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. వెనక పొడుగమ్మాయి మొహం వెలిగిపోతోంది. అక్క ఉలిక్కిపడి లేచింది.

"ఇద్దర్ని తీసుకుంటారట" అన్నాడు. "మిగతా ఇద్దరి కోసం ఇంకో ఆఫీసుకెళ్లి మళ్లీ చెప్పాలట."

అలవాటుగా అక్క చెప్పుల కోసం చూసింది.

"నేను వెళ్తాలేమ్మా" అన్నాడాయన. "నువ్వు కాసేపు పడుకో."