ఢోలక్ సంచితో తొర్రూరు దాకా

మా ఆయన రాజేందర్ ఢోలక్ వాయిస్తాడు. మామూలు రోజుల్లో మట్టెవాడలో ఒక బట్టల షాపులో పని చేస్తాడు. ఆదివారాలు, మంచి ముహూర్తాలు ఉన్న రోజులు పాటల ప్రోగ్రాంలకు పోతాడు. మా పెళ్ళయి రెండేళ్ళు దాటినా నేను ఆయనతో ఒక్క ప్రోగ్రాంకూ పోలేదు. నలుగురిలో కూర్చోవాలంటే నాకు భయం. ఏడో తరగతితో చదువు ఆగిపోయినదాన్ని, ఎవరైనా ఏదైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. కానీ మొన్న వానల్లో నెక్కొండలో జరిగినదాని తర్వాత పోక తప్పలేదు.

నెక్కొండలో పాట మధ్యలో ఢోలక్ తోలు బిగించే కొక్కెం ఒకటి జారింది. దాన్ని మళ్ళీ బిగించడానికి పానా కావాలి. పానా మా ఇంట్లో బీరువా మీద ఉంది. పాట ఆగింది, జనం ఈలలు వేశారు. బృందం నడిపేది, పాటలు పాడేది సుధాకరన్న. మైకులు, స్పీకర్ డబ్బాలు అన్నీ ఆయనవే. మర్నాడు ఆయన ఫోన్ చేసి మా ఆయనతో అన్న మాట పక్కనే ఉన్న నాకు కూడా వినిపించింది. "తొర్రూరుల ధోతి ఫంక్షన్ ఉన్నది. ఆఖరిసారి జూస్త రాజేందర్. మల్ల నడుమల ఆగిందనుకో, ఇగ నువ్వు షాపుల చీరెలు మడతపెట్టుకో." మా ఆయన నవ్వుతూనే "సరే అన్న" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. చిన్నప్పటి నుంచి ఆయనకు ఉన్నది ఆ ఒక్క విద్యే. షాపులో ఆయన్ను "ఏయ్, ఆ కట్ట దించు" అంటారు. ప్రోగ్రాంలో "రాజన్న" అంటారు.

"నేను గూడ వస్త, సామాను సంచి నేను వట్టుకుంట" అన్నాను. ఆయన నన్ను ఒకసారి చూసి, "స్టేజ్ ఎనుక కూసోవాలె మరి, అక్కడ అందరు మొగోళ్ళే ఉంటరు" అన్నాడు. కూర్చుంటానన్నాను.

ఇలాంటి ప్రోగ్రాంలకు పోయేవాళ్ళ ఇళ్ళల్లో సంచి సర్దేది మన ఆడవాళ్ళమే కాబట్టి నేనేం పెట్టానో చెబుతాను. ఢోలక్‌కు తోలు బిగించే పది నంబర్ పానా, ఒక కొక్కెం, రెండు నట్లు. నట్లు రెండే ఎందుకంటే ఒకటి పోతే ఒకటి వేయొచ్చు, ఒకే పాటలో రెండు పోవడం నేను ఎప్పుడూ వినలేదు. తోలు తేమ తుడవడానికి ఉతికిన పాత నూలుగుడ్డ, చేతులకు పౌడర్ డబ్బా, వేళ్ళు పగిలితే చుట్టుకోవడానికి గుడ్డపట్టీ. ఇవి మావి. ఇవి గాక స్టేజీ మీద అందరికీ పనికొచ్చేవి కూడా వేశాను. మైకుల్లో వేసే పెన్సిల్ సెల్స్, కరెంటు నల్లటేపు, స్క్రూడ్రైవర్, కత్తెర, గట్టి నులకతాడు, సూదీదారం, పిన్నీసులు. ఒక జాక్ వైరు కూడా కొనమన్నాడు మా ఆయన. అది కీబోర్డుకు పనికొస్తుంది, ఢోలక్‌కు అవసరం లేదు. "మనకెందుకు?" అంటే, "స్టేజ్ మీద ఎవ్వలు అడిగినా లేదనొద్దు, గది మా పద్ధతి" అన్నాడు. ఆ పద్ధతి ఆయన గురువు నేర్పింది. అంతా షాపు గుడ్డసంచిలో సర్దాను.

ఆదివారం ఎనిమిదింటికి వరంగల్ రైల్వేస్టేషన్ ఎదుట తొర్రూరు బస్సు ఎక్కాం. వర్ధన్నపేట, రాయపర్తి మీదుగా పోతుంది, దాదాపు రెండు గంటలు అనుకోండి. ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు మాత్రం చేతిలో ఉంచుకోండి. మగవాళ్ళకు వంద లోపే. వాన వెలిసింది గానీ గాలిలో తడి ఉంది, అందుకని ఢోలక్‌ను దుప్పటిలో చుట్టి మా ఇద్దరి మధ్య సీటులో పెట్టుకున్నాం. కండక్టర్ వచ్చి దాన్ని తట్టి చూశాడు.

"గిది సీట్ల కూసుంటే దీనికి గూడ టికెట్ గొట్టాలె అన్న. ఆడదైతే ఫ్రీ. ఆడదా, మొగదా?"

"ఒక దిక్కు సన్నగ పలుకుతది, ఒక దిక్కు బొంగురు. సగం ఆడది, సగం మొగది" అన్నాడు మా ఆయన.

"అయితే హాఫ్ టికెట్" అని నవ్వి, కొట్టకుండానే ముందుకు పోయాడు. మామ్నూరు దాటాక రెండు పక్కలా పత్తి చేలు తడిసి పచ్చగా ఉన్నాయి. మా ఆయన దారి పొడుగునా దుప్పటి మీద వేళ్ళతో నెమ్మదిగా వాయించుకుంటూనే ఉన్నాడు. నాకు ఆ రోజు మంచి రోజనే అనిపించింది.

తొర్రూరు బస్టాండ్ నుంచి ఫంక్షన్ హాలుకు షేర్ ఆటోలో మనిషికి ఇరవై. పది దాటేసరికి చేరాం. సుధాకరన్న, కీబోర్డు వాయించే విజయ్ అప్పటికే ట్రాలీ ఆటోలో సామాను దించుకుని ఉన్నారు. విజయ్ చేతిలో కీబోర్డు స్టాండు ఉంది. కత్తెరలా తెరుచుకునే ఇనుప స్టాండు అది. దాన్ని నడుమ పట్టి ఉంచే బోల్టు ఉంది గానీ నట్టు లేదు. ట్రాలీలో ఎక్కడో ఊడి పడిపోయింది.

మొదట మైకుకు సెల్స్ అడిగారు, ఇచ్చాను. వైరు మీద టేపు చుట్టాలన్నారు, ఇచ్చాను. విజయ్ వైరు కరకరమంటోందని మా కొత్త జాక్ వైరు పెట్టుకున్నాడు. సుధాకరన్న జుబ్బా గుండీ ఊడితే పిన్నీసు కూడా నేనే ఇచ్చాను. "చెల్లె సంచి కిరాణ దుకాణమే" అన్నాడాయన. అందరూ నవ్వారు, నాకూ కొంచెం గర్వంగానే అనిపించింది. తర్వాత విజయ్ సంచిలో తానే చెయ్యి పెట్టి వెతికి నట్టు తీశాడు. స్టాండు బోల్టుకు సరిపోయింది.

"ఒకటే అయితే వాయించంగ వాయించంగ వదులైతది. దాని మీద ఇంకోటి బిగిస్తె కదలది" అని రెండోది కూడా తీశాడు.

నేను మెల్లగా సుధాకరన్నతో అన్నాను. "అన్న, అవి రెండే ఉన్నయి. ఢోలక్‌కు కావాలె."

"అరే, నట్లు గూడ లెక్కవెడతవా చెల్లె" అన్నాడు సుధాకరన్న. "కీబోర్డ్ కిందవడితే లక్షలు. నీ మొగని ఢోలక్‌కేమైతది, గట్టిగనే ఉన్నదిగా. ఏమంటవ్ రాజేందర్?"

మా ఆయన నా వైపు చూడలేదు. "ఇయ్యి లత" అన్నాడు. ఇచ్చాను. పానా కూడా మాదే, దానితోనే బిగించారు.

పాటలు మొదలవడానికి ఇంకా టైం ఉంది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. హాలు వెనకాల వంటలు అవుతుంటే అక్కడికి పోయి, వంటాయన్ను అడిగాను. పెద్ద వయసు మనిషి, బగారా అన్నం గిన్నె మీద మూత పెడుతున్నాడు.

"తాత, ఇక్కడ నట్లు, బోల్టులు అమ్మే షాపు ఏడుంటది?"

"బస్టాండ్ కాడ ఉంటది గని ఇయ్యాల ఆదివారం గద బిడ్డ, ఎవ్వడు తీస్తడు. ఎంత సైజు?"

"పది నంబర్ పానాకు వచ్చేది."

ఆయన పొయ్యిల సామాను డబ్బా తెచ్చి నేల మీద బోర్లించాడు. అన్నీ పెద్దవి, గ్యాసు పొయ్యిలవి. ఒక్కొక్కటీ ఏరి చూపించాడు. "గివన్ని నీకు ఉంగరాలైతయి తప్ప అక్కెరకు రావు" అని, నా మొహం చూసి, "చాయ తాగు ముందు" అన్నాడు. తాగాను. ఆ రోజు మొత్తంలో నాతో మంచిగా మాట్లాడింది ఆయనొక్కడే.

పన్నెండింటికి పాటలు మొదలయ్యాయి. పట్టుపంచె కట్టిన పిల్లవాడిని కుర్చీలో కూర్చోబెట్టారు. నేను స్టేజీ వెనక తెర పక్కన సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. మా ఆయన వాయిస్తుంటే అంత దగ్గర నుంచి చూడడం నాకు అదే మొదలు. ఇంట్లో మాట్లాడని మనిషి, అక్కడ చేతులతో ఎంత మాట్లాడాడో చెప్పలేను. గాలి తడికి తోలు శ్రుతి దిగుతుంటే పాటకూ పాటకూ మధ్య పానాతో కొంచెం కొంచెం బిగిస్తున్నాడు. నాలుగో పాటో ఐదో పాటో, జానపదం, బాగా ఉరుకు మీద ఉంది. టక్కుమని చప్పుడైంది. సన్నగా పలికే వైపు ఒక నట్టు మర అరిగిపోయి జారింది. ఆ పక్క తోలు వదులైంది. కొడితే అట్టపెట్టెను కొట్టినట్టు వస్తోంది.

ఆయన వాయించడం ఆపకుండానే బొంగురు వైపు మాత్రం కొడుతూ నా వైపు చెయ్యి చాపాడు. నేను నులకతాడు ఇచ్చాను. ఒక చేత్తో వాయిస్తూ ఒక చేత్తో కొక్కేన్ని తాడుతో లాగి కట్టాడు. రెండు దెబ్బలకే సాగింది. టేపు చుట్టాడు, నిలవలేదు. ఇంకో నట్టు ఉంటే అర నిమిషం పని. రెండు నట్లూ నాకు కనిపిస్తూనే ఉన్నాయి, నాలుగడుగుల దూరంలో, కీబోర్డు కింద, ఒకదాని మీద ఒకటి. పైన విజయ్ వాయిస్తున్నాడు, విప్పాలంటే అతను ఆపాలి.

సుధాకరన్న పాడుతూనే వెనక్కి తిరిగి చూసి, విజయ్‌కు వేలితో సైగ చేశాడు. విజయ్ ఒక బటన్ నొక్కాడు. కీబోర్డులోంచి ఢోలక్ మొదలైంది. ఉరుకు తగ్గలేదు, పాట ఆగలేదు. జనంలో ఒక్కరు కూడా తల తిప్పలేదు. ముందు వరసలో పిల్లలు ఇంకా గట్టిగా ఎగురుతున్నారు.

నట్టు విప్పే సందు లేకుండా సుధాకరన్న పాట వెంట పాట అందుకున్నాడు, మిగిలిన పాటలన్నీ అట్లాగే అయ్యాయి. మా ఆయన లేచి రావచ్చు. రాలేదు. స్టేజీ మీద ఒక మనిషి తగ్గితే ఫంక్షన్ వాళ్ళు అడుగుతారని సుధాకరన్న "కూసో, చేతులు ఆడియ్యి" అన్నాడు. ఆయన ఢోలక్ ముందు పెట్టుకుని, చేతులు తోలుకు తగలకుండా ఆడిస్తూ కూర్చున్నాడు. నేను చూడలేక సంచిలో ఉన్నవి తీసి మళ్ళీ సర్దుతూ ఉన్నాను.

అయిపోయాక పిల్లవాడి తండ్రి స్టేజీ మీదికి వచ్చి మా ఆయన భుజం తట్టాడు. "ఢోలక్ మాత్రం ఇరగదీసినవ్ తమ్మి. ఆఖరు పాటలైతే మస్తున్నయి." మా ఆయన రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

పిల్లవాడి తండ్రి దిగిపోయాక సుధాకరన్న అన్నాడు, కోపంగా కూడా కాదు. "జూసినవా రాజేందర్, ఎవ్వలికి తెల్వలే. నీ తప్పేం లేదు తియ్యి. నట్టు పోతది, తోలు పోతది. మిషన్‌కు గదేం లేదు. జర పెద్ద ప్రోగ్రాం ఉన్నప్పుడు పిలుస్త."

మా ఆయన "సరే అన్న" అన్నాడు.

విజయ్ స్టాండు మడిచి ట్రాలీలో పెడుతున్నాడు. నేను పానా పట్టుకుని అతని దగ్గరికి పోయాను. "తమ్మి, మా నట్లు రెండు ఇప్పియ్యి."

"ఇంటికి వోయేదాక ఉండనియ్ అక్క, మల్ల ఊడుతది."

"ఇప్పియ్యి" అన్నాను మళ్ళీ.

వెనక నుంచి మా ఆయన వచ్చి నా చేతిలోంచి పానా తీసుకున్నాడు. "ఉండనీ లత" అన్నాడు. తర్వాత, వాళ్ళకు వినిపించకుండా, "మనది ఏమన్న వాళ్ళ కాడ ఉంటెనే గద, ఇయ్యటానికన్న ఫోన్ జేస్తరు" అన్నాడు.

భోజనం చేయకుండా వచ్చేద్దామనుకున్నాను. మా ఆయన తినే వద్దామన్నాడు, తినకపోతే తప్పుగా అనుకుంటారట. మూడింటి బస్సు దొరికింది. సాయంత్రం తిరిగి రావడానికి బస్సులకు కొదవ లేదు, అరగంటకొకటి ఉంటుంది. కిటికీ పక్క సీటు ఆయనకే ఇచ్చాను. వర్ధన్నపేట దాటాక ఆయన కళ్ళు మూసుకున్నాడు గానీ నిద్రపోలేదని నాకు తెలుసు.

ఇది జరిగి రెండు నెలలు దాటింది. సుధాకరన్న ప్రోగ్రాంలు నడుస్తూనే ఉన్నాయి, ఫోన్ రాలేదు. నట్లు ఇవ్వడానికి కూడా రాలేదు. ఢోలక్‌కు కొత్త నట్టు నేనే తెచ్చి వేయించాను. బాగానే పలుకుతోంది, కానీ ఆయన దానిని ముట్టుకోవడం తగ్గించాడు. ఎవరైనా అడిగితే లేదనొద్దని ఆయన గురువు చెప్పిన పద్ధతి మంచిదే కావచ్చు. అది అందరూ పాటించిన కాలంలో మంచిది. ఇప్పుడు ఇచ్చేవాడు ఒక్కడే పాటిస్తున్నాడు, తీసుకునేవాళ్ళకు అది కిరాణా దుకాణం. మన సామానుతో వాళ్ళ పాట ఆగకుండా నడిచింది, మన మనిషి మాత్రం నడుమల ఆగిపోయాడు. ఇంత జరిగినా ఆయనకు వాళ్ళ మీద కోపం లేదు. ఆ కోపం కూడా నేనే మోస్తున్నాను.

మీ ఇంట్లోవాళ్ళు ఇలా వాయించడానికి పోతుంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. సెల్స్, టేపు, పిన్నీసులు సంచిలో వేయండి, ఎవరు అడిగినా ఇవ్వండి. మీ వాద్యం నిలబడే నట్లు, కొక్కేలు మాత్రం ఆ సంచిలో వేయకండి. చిన్న సీసాలో వేసి వాయించే మనిషి జేబులో పెట్టి, ఉన్నాయని ఎవరికీ చెప్పొద్దని బస్సు ఎక్కకముందే ఒప్పించండి.