టీవీ బల్ల కాలి కింద నవల

తమ్ముడు సగం చదివిన నవలను అన్నయ్య టీవీ బల్ల కాలి కింద పెట్టాడు. పగతో పెట్టలేదు, పాపం. టీవీ కొత్తది, బల్ల పాతది, దానికి ఒక కాలు పొట్టి. వార్తలు చదివే అమ్మాయి ఎంత నిటారుగా కూర్చున్నా పక్కకి ఒరిగినట్టే కనబడేది. చేతికి అందినవాటిలో సరిగ్గా ఆ మందం ఉన్నది ఆ నవల ఒక్కటే. సాయంత్రం తమ్ముడు కళ్లద్దాల దుకాణం నుంచి వచ్చేసరికి బల్ల కుదురుగా నిలబడి ఉంది. నవలలో కథానాయిక మాత్రం వానలో రైలు దిగి, తీసుకెళ్లడానికి ఎవరూ రాని ప్లాట్‌ఫాం మీదే ఉండిపోయింది.

"దేనికో ఒకదానికి పనికొచ్చింది లేరా," అన్నాడు అన్నయ్య.

తమ్ముడు ఆ మాటను జాగ్రత్తగా దాచుకున్నాడు. కొందరు బంగారం దాచుకుంటారు.

మర్నాడు వదిన వడ్రంగి దగ్గర ఒక చెక్కముక్క అడిగి తెచ్చింది. ఇంట్లో గొడవ లేకపోతే చాలనుకునే మనిషి. పుస్తకం తీసి, దాని చోట చెక్కముక్క దూర్చి, పుస్తకాన్ని తుడిచి మరిది మంచం మీద పెట్టింది. కాసేపాగి చూస్తే చెక్కముక్క కిటికీలో ఉంది, నవల మళ్లీ బల్ల కిందికి చేరింది.

"ఇదేంటయ్యా?"

"ఉండనీ వదినా. పెట్టినవాడికి తియ్యాలనిపించాలి గానీ, నువ్వు తీస్తే ఏం లాభం?"

పెట్టినవాడికి అలాంటిదేమీ అనిపించలేదు. అతను అప్పటికే సంగతి మర్చిపోయి కుస్తీ పోటీలు చూస్తున్నాడు.

తమ్ముడు ఆషామాషీ చదువరి కాడు. బడి మధ్యలోనే వదిలేసినా, దుకాణంలో అద్దాలు అరగదీస్తూ, బేరం లేని వేళల్లో ఒడిలో పుస్తకం పెట్టుకుని తనంతట తాను చదువు నేర్చాడు. యజమాని అతణ్ని పండితుడని పిలిచేవాడు, జీతం మాత్రం పామరుడిదే ఇచ్చేవాడు. ఏటా కొత్త సంవత్సరం రాగానే భోజనాల దగ్గర తమ్ముడు తన చదువు కార్యక్రమం ప్రకటించేవాడు. ముందు ఆ నవల పూర్తి కావాలి. తర్వాత యుద్ధాల చరిత్ర పట్టాలి, ఆపైన దిండంత లావు విదేశీ నవలల అనువాదాలు, ఓపిక మిగిలితే తత్వశాస్త్రం. వరస తప్పడానికి వీల్లేదు. సగంలో ఉన్న పుస్తకాన్ని వదిలి ఇంకోటి తెరవడమంటే, ఒకరితో మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి పక్కింట్లోకి పోయినంత మర్యాద తక్కువ పని అతని దృష్టిలో. మొదటిది బల్ల కింద ఉంది గనక మిగతావన్నీ దాని వెనకే నిలబడి ఉన్నాయి.

"గ్రంథాలయంలో ఇంకో కాపీ దొరకదా?" అని ఒకసారి వదిన అడగనే అడిగింది.

"దొరుకుతుంది. కానీ నేను చదివిన సగం ఇందులో ఉంది కదా వదినా."



మొదట్లో అతను టీవీ చూసేవాడు కాదు. దాని ఎదురుగా కూర్చుని కింద ఉన్న పుస్తకాన్ని చూసేవాడు. కాని పుస్తకానికి మూరెడు పైన మనుషులు ఏడుస్తూ, కొట్టుకుంటూ ఉంటే ఎంతటి పండితుడైనా ఎంతసేపని తల దించుకుంటాడు? శత్రువు బలం తెలుసుకోవాలని తోడికోడళ్ల సీరియల్ మొదలుపెట్టాడు. మనుషుల మనసులు తెలుసుకోవాలని హత్యల పరిశోధన చూశాడు. ఆదివారం ప్రశ్నల పోటీలో అందరికన్నా ముందు జవాబు చెప్పేవాడు. అది తప్పని తేలితే ప్రశ్నే తప్పనేవాడు. కొన్నాళ్లకి ఇంట్లో రిమోట్ ఎక్కడుందో తెలిసినవాడు అతనొక్కడే.

"టీవీ ఇంటికి పట్టిన చీడ అన్నావుగా?" అంది వదిన.

"పుస్తకాన్ని కాళ్ల కింద పడేసిన ఇంట్లో మనిషి ఇంతకన్నా ఎలా బాగుపడతాడు?"

అన్నయ్య కొంచెం సౌండు పెంచమన్నాడు.

చివరికి ఆ టీవీ మూగబోయింది. దాని బదులు గోడకి తగిలించే పలక టీవీ వచ్చింది. బల్ల పాత సామాన్లవాడి బండెక్కింది. అన్నయ్య నవలను స్వయంగా తీసి, దుమ్ము దులిపి, రెండు చేతులా అందించాడు.

"తప్పయిపోయింది రా చిన్నోడా. ఇక చదువుకో."

చిన్నోడి ముఖం మాడిపోయింది. ఇన్నేళ్లు కంటికి రెప్పలా కాచుకున్న అన్యాయం ఒక్క మాటతో చేజారింది.

అందరూ చూస్తున్నారు గనక చదవక తప్పలేదు. అట్ట మీద బల్ల కాలు గుండ్రటి గుంట చేసింది. కథానాయిక ఇంకా వానలోనే ఉంది. రెండు పేజీలు తిరగ్గానే జారిపడి, తలకి దెబ్బ తగిలి, గతమంతా మర్చిపోయింది. తర్వాతి అధ్యాయంలో ఆమెకి అచ్చం అలాగే ఉండే కవల చెల్లెలు ఉందని తేలింది. అతను పుస్తకం మూసి గోడవైపు చూశాడు. తోడికోడళ్ల సీరియల్లో ఇదంతా ఎప్పుడో అయిపోయింది, పైగా సంగీతంతో సహా.

ఈ సంగతి పైకి అంటే ఏమవుతుంది? నవల నాసిరకమని ఒప్పుకుంటే అన్నయ్య చేసిన ద్రోహం కాస్తా బల్లకి చేసిన మేలవుతుంది. వెనక నిలబడిన యుద్ధాలూ తత్వశాస్త్రమూ ఒక్కసారిగా మీద పడతాయి.

"ఎలా ఉంది రా?" అన్నాడు అన్నయ్య.

"ఏం చెప్పమంటావు? ఇలాంటిది ఇంకెవరూ రాయలేరు. దీన్ని పట్టుకుని నువ్వు..." అతను పుస్తకాన్ని గుండెకి హత్తుకున్నాడు. అందులో కొంత నటన, కొంత నిజం.

అన్నయ్య కదిలిపోయాడు. అంత గొప్పదాన్ని ఏం చేశానా అని, పుస్తకం అడిగి తీసుకుని మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. బడి పుస్తకాల తర్వాత అతను చదివిన మొదటి పుస్తకం అదే. పళ్లెంలో అన్నం చల్లారిపోయేది. తమ్ముడు ఆగిన చోటు దాటి వెళ్లిపోయాడు. ఒకసారి కళ్లు తుడుచుకుంటూ, "టీవీ తగ్గించరా, ఇక్కడ చెల్లెలు దొరికింది," అని కసిరాడు. తమ్ముడు తగ్గించాడు. ఇంట్లో చదువరి ఒకడు తయారయ్యాడు. అది తను కాదు.

ఆ తర్వాత అన్నయ్యకి వేరే ఊరు బదిలీ అయింది. గోడ టీవీని పీకితే గోడ పెచ్చులూడుతుందని అక్కడే వదిలేశారు. గది, దీపం, కిటికీ పక్క కుర్చీ, సాయంత్రాలు అన్నీ ఇక తమ్ముడివే. సాగనంపడానికి బస్సు దాకా వచ్చాడు. సంచీలన్నీ పైకెక్కాయి. నవల మాత్రం అన్నయ్య చంకలో ఉంది. చివరి అధ్యాయాలు దారిలో చదవాలట.

"ఇక నీకు అడ్డెవరూ లేరు. హాయిగా చదువుకో," అన్నాడు అన్నయ్య కిటికీలోంచి.

బస్సు కదిలింది. తమ్ముడు దాని పక్కనే నాలుగడుగులు నడిచాడు. చాలా కాలం తర్వాత అతని ముఖంలో కళ వచ్చింది.

"ఎలా చదువుకోమంటావు అన్నయ్యా? మొదటిది నువ్వు పట్టుకుపోతున్నావుగా."