పెద్దాయనకూ ఒక వంతు

మా ఆయనకొక సిద్ధాంతం ఉంది. ఏ పని చేసినా దానివల్ల ఎక్కువ మందికి ఎక్కువ సుఖం కలగాలి. డిగ్రీలో ఫిలాసఫీ చదివినప్పుడు బుర్రకెక్కించుకున్నారట. జూనియర్ కాలేజీలో సివిక్స్ చెప్పి ఆయన రిటైరయ్యారు గానీ సిద్ధాంతం మాత్రం రిటైరవలేదు. కాలేజీలో పిల్లలు గోడ దూకి తప్పించుకునేవాళ్ళు. ఇంట్లో నేనొక్కదాన్నే దొరికాను.

వేసవిలో మాకు రెడ్డిగూడెం నుంచి మామిడిపళ్ళు వస్తాయి. నేను ముక్కలు కోసి కంచంలో వేసుకునేసరికి ఆయన చెయ్యి వచ్చేస్తుంది. మొదటి ముక్క ఇచ్చినంత సుఖం నాలుగో ముక్క ఇవ్వదట. అందుకని నా నాలుగో ముక్క ఆయన తింటే లోకంలో మొత్తం సుఖం పెరుగుతుందట. అప్పటికే ఆయన తన వాటా టెంకతో సహా చీకేసి ఉంటారు. అది మాత్రం లెక్కలోకి రాదు. టీవీ దగ్గర నేనూ తెలివి నేర్చాను. వార్తల టైముకి కాస్త ముందు పక్కింటావిడని కాఫీకి పిలిచేదాన్ని. సీరియల్‌కి ఇద్దరం, వార్తలకి ఆయనొక్కరు. మొహం మాడ్చుకుని రిమోట్ తనే తెచ్చి నా చేతిలో పెట్టేవారు.

ఈ మహానుభావుడు తిరువూరులో మా సంఘపెద్దల్లో ఒకరు. మా మందిరం చిన్నది. ముందు వరండా, వెనక రేకుల గది. రేకుల గదిలో క్రిస్మస్ విందుకి వాడే గుండిగలూ గంటెలూ షామియానా గుంజలూ ఉండేవి. వరండాలో ఒక పెద్దాయన ఉండేవాడు. ఎ.కొండూరు అవతల ఎవరిదో మామిడితోటకి కాపలా కాసేవాడట. తోట కొట్టేసి ప్లాట్లు వేశారు. చెట్లతో పాటు ఆయన గుడిసె కూడా పోయింది. భార్య అంతకుముందే పోయింది, పిల్లల్లేరు. ఒక సంచి, ఒక చాప, రెండు గిన్నెలు, ఒక ఇత్తడి తాళంకప్ప, అంతే ఆయనకున్నవి. ఆ తాళం గుడిసెది. తలుపు పోయినా తాళం దాచుకున్నాడు. తాళంచెవి మొలతాడుకి కట్టుకుని తిరిగేవాడు.

ఒక వానాకాలంలో మందిరంలో మైకుసెట్టు పోయింది. పెద్దాయన ఆ రోజు జ్వరంతో ఆస్పత్రిలో ఉన్నాడు కాబట్టి ఆయన్నెవరూ అనుమానించలేదు. కానీ వరండాకి గ్రిల్లు పెట్టించి తాళం వెయ్యాలని తీర్మానమైపోయింది. అప్పుడొచ్చింది చిక్కు. గ్రిల్లు పెడితే ఈ మనిషి ఎక్కడ పడుకోవాలి?

ఆరాధన అయ్యాక పెద్దలంతా కూర్చున్నారు. మేం ఆడవాళ్ళం వెనక చాపల మీద కూర్చున్నాం. ఒకరు గది అద్దెకి తీసుకుందామన్నారు, ఒక్క మనిషికి అంత ఖర్చా అని ఇంకొకరు అడ్డం పడ్డారు. బెజవాడలో వృద్ధాశ్రమం ఉందని ఎవరో అన్నారు గానీ, దాని అడ్రసు ఎవరికీ తెలియదు. పాస్టరుగారు ప్రార్థన చేద్దామన్నారు. అప్పుడు మా ఆయన లేచారు. లేవగానే నాకు మామిడిముక్కలు గుర్తొచ్చాయి.

మా సంఘంలో ఆదివారం మధ్యాహ్నం పాస్టరుగారి కుటుంబానికి ఇంటికొక వంతున భోజనం పెడతాం. ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. పెద్దాయన్ని కూడా అదే పద్ధతిలో పెట్టుకుందామన్నారు మా ఆయన. ఇంటికి రెండు రోజులు. పెద్ద బరువుని అందరికీ పల్చగా పంచేస్తే ఎవరికీ బరువనిపించదు, పుణ్యం మాత్రం అందరికీ పూర్తిగా వస్తుంది. అందరూ బాగుందన్నారు. పాస్టరుగారు స్తోత్రం చెప్పారు. బయటికొస్తుంటే పెద్దాయన వరండాలో చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన్ని దాటుకుంటూ అందరం చెప్పులేసుకున్నాం. ఆయన్ని మాత్రం ఒక్కరూ అడగలేదు. ఆ సంగతి ఇంటికొచ్చాక నాకు తట్టి ఒళ్ళు మండిపోయింది.

వంతులు మొదలయ్యాయి. ఏ ఇంటికెళ్ళినా పెద్దాయనకి ముందు తలంటే. నిన్న ఇంకో ఇంట్లో పోశారని చెప్పినా వినేవాళ్ళు కాదు. తరవాత కోడికూర. ప్రతి ఇంటికీ ఆయన కొత్త చుట్టమే కదా, మరి ప్రతి ఇంట్లోనూ కోడే. పాపం, పచ్చిమిరపకాయా మజ్జిగన్నమూ అడిగితే మొహమాటపడుతున్నాడనుకుని ఇంకో రెండు ముక్కలు వేసేవాళ్ళు. వెళ్ళేటప్పుడు ఒక చొక్కా, ఒక దుప్పటి. ఇల్లు లేని మనిషికి సామాను పెరిగిపోయింది. ఒక సంచి మూడు సంచులైంది. వాటిని పట్టుకుని ఆయన ఈ బజారు నుంచి ఆ బజారుకి షేర్ ఆటోలో వెళ్తుంటే ఆటోవాడు ఊరికెళ్తున్నావా తాతా అని అడిగేవాడట.

ఆదివారాలు మందిరంలో సాక్ష్యాలే సాక్ష్యాలు, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకోవడం. పెద్దాయన మా ఇంట అడుగుపెట్టాక మా గేదె ఈనిందని ఒకరు, మా అల్లుడు మనసు మార్చుకున్నాడని ఒకరు. మా ఆయన మొహం వెలిగిపోయేది. ఎంతమంది సంతోషంగా ఉన్నారో చూశావా అని నన్ను మోచేత్తో పొడిచేవారు. మరి పెద్దాయనో అన్నాను. తింటున్నాడుగా అన్నారు. నేను చూస్తూనే ఉన్నాను, ఆయన చిక్కిపోయాడు. ఎవరింట్లో ఏ స్విచ్చు వేస్తే బాత్‌రూములో లైటు వెలుగుతుందో తెలుసుకునేలోపు ఇంకో ఇంటికి వెళ్ళిపోవాలి. నిద్ర ఎక్కడ పడుతుంది? వరండాలో ఉన్నప్పుడు కనీసం రేపు ఎక్కడ పడుకోవాలో ఆయనకి తెలుసు.

మా వంతు వచ్చింది. నేను తలంటు పొయ్యలేదు, కోడి వండలేదు. మజ్జిగన్నంలో పచ్చిమిరపకాయ పెట్టాను. పెద్దాయన కంచం వంక కాసేపు చూసి, కళ్ళొత్తుకుని, రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాక మా ఆయన ఎదురుగా కూర్చుని, ఎలా ఉంది ఏర్పాటు అని అడిగారు, మెచ్చుకోలు కోసం.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. "బాగానే ఉంది సారూ. మరి నా వంతెప్పుడు?"

మా ఆయనకి అర్థం కాలేదు. మళ్ళీ మా ఇంటి వంతు ఎప్పుడొస్తుందో చెప్పబోయారు. పెద్దాయన తల అడ్డంగా ఊపాడు.

"అది కాదు సారూ. మీరందరూ నన్ను పిలిచి పెట్టారు. తిరిగి పిలవకుండా తింటానే ఉంటే మర్యాదగా ఉంటదా? నాకూ ఒక ఆదివారం ఇయ్యండి. పాస్టరుగారికీ మీకూ నేను పెడతాను. వంట నాకొచ్చు."

ఎక్కడ పెడతావు అని అడగబోయి మా ఆయన ఆగిపోయారు. పెద్దాయన సంచులు సర్దుకుని పడుకోవడానికి వెళ్ళాడు. నాకు ఇంతకన్నా మంచి సమయం దొరకదనిపించింది. వంతులు వేసేటప్పుడు ఎంతమందిని లెక్కపెట్టారండీ అని అడిగాను. సంఘంలో అందరినీ, పసిపిల్లలతో సహా అన్నారు. ఎక్కువా తక్కువా లేకుండా మనిషిని మనిషిగానే లెక్కపెట్టానని కాస్త గర్వంగా కూడా అన్నారు.

"ఆయన్ని బరువు కింద లెక్కేశారండి. మనిషి కింద వెయ్యలేదు," అన్నాను.

ఆయనకి కోపం వచ్చింది. నేనిచ్చిన కాఫీ తాగలేదు. పక్కింటావిడ రాకపోయినా రిమోట్ నాకే వదిలేసి వెళ్ళి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. తన తప్పు తనకి తెలిసొస్తే మా ఆయన గోడవైపే తిరుగుతారు. ఆ ఒక్క గుణం చూసే నేనిన్నాళ్ళూ కాపురం చేస్తున్నాను.

తరవాతి ఆదివారం పెద్దల ముందు మళ్ళీ లేచారు. పెద్దాయనా సంఘంలో ఒకడే కాబట్టి ఆయనకీ వంతు రావాలి. వంతు రావాలంటే పిలవడానికి ఒక చోటుండాలి. వెనకాల రేకుల గది ఖాళీ చేసి ఇద్దామన్నారు. గొడవ మొదలైంది. గుండిగలు అందరివీ, విందు అందరిదీ, ఒక్క మనిషి కోసం అందరి సామాను వానలో పడెయ్యాలా అన్నారు. తిన్నగా మా ఆయన సిద్ధాంతాన్నే ఆయన మీదికి విసిరారు. అక్కడ ఓడిపోతే పెద్దాయన మళ్ళీ ఆటో ఎక్కాల్సిందే.

"గుండిగలకి సుఖదుఃఖాలు ఉండవండి. తిప్పితే వాటిని తిప్పుదాం ఇంటింటికీ," అన్నారు మా ఆయన.

పాస్టరుగారు ముందు నవ్వారు, తరవాత అందరూ నవ్వారు. నవ్వేశాక కాదనడం కష్టం కదా. ఆ సాయంత్రమే సామాను వంతులు వేశారు. షామియానా గుంజలు ఒకరింటికి, గంటెలు ఒకరింటికి. అన్నిటికన్నా పెద్ద గుండిగ మాకొచ్చింది. గుమ్మంలో పట్టక అడ్డంగా దొర్లించి హాల్లోకి తెచ్చారు. టీవీకి అడ్డంగా కూర్చుంది. ఇప్పుడు వార్తలూ లేవు, సీరియలూ లేదు. వచ్చిన చుట్టాలంతా దానికి మోకాలు కొట్టుకుని, ఇదేంటండీ అని అడిగితే మా ఆయన గుండిగకి మా వంతు అంటారు, అదేదో మామూలు సంగతైనట్టు. దాని వంతు ఇంకా మా ఇంటి నుంచి కదల్లేదు.

పెద్దాయన వంతు ఆదివారం రానే వచ్చింది. ఆరాధన కాగానే పాస్టరుగారు, పాస్టరమ్మగారు, మేమిద్దరం మందిరం వెనక్కి వెళ్ళాం. రేకుల గది తలుపుకి తాళం వేసి ఉంది. ఆ ఇత్తడి తాళమే, చింతపండు పెట్టి తోమినట్టున్నాడు, మెరుస్తోంది. లోపలి నుంచి దోసకాయపప్పు తాలింపు వాసన వస్తోంది. మేం నలుగురం ఎండలో నిలబడ్డాం. ఒకడి కోసం నలుగురు మాడిపోతున్నారు అని మా ఆయన అంటారేమో, అంటే అక్కడే కడిగేద్దామని సిద్ధంగా ఉన్నాను. ఆయన గొడుగు విప్పి పాస్టరమ్మగారికిచ్చారు.

కాసేపటికి పెద్దాయన పెరుగు ప్యాకెట్టు పట్టుకుని నింపాదిగా వచ్చాడు. మమ్మల్ని చూసి కూడా అడుగు పెంచలేదు.

"వందనాలండి. ఇంట్లో పెరుగు లేదు, అందుకని తాళమేసి వెళ్ళాను," అన్నాడు.

ఇంట్లో అన్న మాట వినగానే నేను మా ఆయన వంక చూశాను. ఆయన మొలతాడు నుంచి తాళంచెవి తీసి, తలుపు తెరిచి, లోపలికెళ్ళి బకెట్టు నిండా నీళ్ళు తెచ్చి గుమ్మం పక్కన పెట్టాడు. మా ఆయన లోపలికి అడుగు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"ముందు కాళ్ళు కడుక్కోండి సారూ."

మా ఆయన చెప్పులు విప్పి, ప్యాంటు పైకి మడుచుకుని, బకెట్టు దగ్గరికి వెళ్ళారు.