రటోన్ పాస్ దిగేముందు: మా ట్రైలర్‌కి సర్జ్ బ్రేకా, ఎలక్ట్రిక్ బ్రేకా?

పోయిన వేసవిలో ఓక్లహోమా కొండల్లో మేం అద్దెకి తీసుకున్న క్యాంపర్ ట్రైలర్ చక్రాల్లోంచి పొగ వచ్చింది. పెద్దగా ఏం కాలేదు. రోడ్డు పక్కన గంటన్నర కూర్చున్నాం, బ్రేకులు చల్లారాక మెల్లగా దిగాం. కానీ డ్రైవింగ్ సీట్లో ఉన్న మా ఆయన శ్రీనివాస్ ఆ రాత్రి భోజనం సగంలోనే వదిలేసి లేచాడు. "లలితా, ఇంక నా ముందు ట్రైలర్ మాట ఎత్తకు" అన్నాడు. నేను ఎత్తలేదు. అయితే ఆ పొగ ఎందుకొచ్చిందో తెలుసుకోవాలన్న పట్టుదల మాత్రం నన్ను వదల్లేదు. ఈ ఏడాది సొంతంగా ఒక సెకండ్ హ్యాండ్ క్యాంపర్ కొని, దాన్ని నేనే నడుపుకుంటూ మా ఊరు కాపెల్ నుంచి కొలరాడో వెళ్ళాలని నిర్ణయించుకున్నాను. నాకు నలభై ఏడేళ్ళు. అంతకుముందు ట్రైలర్ కట్టిన బండి ఒక్క మైలు కూడా నడపలేదు.

మాకు నచ్చిన క్యాంపర్లు రెండు దొరికాయి. పొడవు, బరువు, ధర దాదాపు ఒకటే. తేడా అల్లా బ్రేకుల్లోనే. మెకిన్నీలో ఉన్నదానికి సర్జ్ బ్రేకులు, డెంటన్‌లో ఉన్నదానికి ఎలక్ట్రిక్ బ్రేకులు. మెకిన్నీ ఓనర్‌కి పడవ కూడా ఉంది. "ఏ కారుకైనా తగిలించుకోవచ్చు, వైర్లూ కంట్రోలర్లూ ఏమీ అక్కర్లేదు" అని ఆయన చెప్పింది నిజమే. నేను దాదాపు ఒప్పేసుకున్నాను. అప్పుడు మాతో వచ్చిన మా మామయ్యగారు, అంటే శ్రీనివాస్ నాన్నగారు, ట్రైలర్ ముందు భాగం దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నారు. ఆయన ముప్ఫై మూడేళ్ళు రైలింజన్ నడిపారు. అందులో ఎక్కువ కాలం విశాఖపట్నం నుంచి అరకు మీదుగా వెళ్ళే ఘాట్ లైన్లో గూడ్స్ బళ్ళే.

"ఇది పనిచేసేదెలాగో అడుగమ్మా" అన్నారు.

ఓనర్ వివరించాడు, నేను తెలుగులో చెప్పాను. కారు స్లో అయితే వెనకున్న ట్రైలర్ దాని మీదకి తోసుకొస్తుంది. ఆ తోపుడుకి ముందు కారుకి తగిలించే కప్లర్ లోపలికి జరిగి, ఆయిల్‌ని చక్రాలకి పంపి బ్రేక్ పట్టిస్తుంది. మామయ్యగారు ఒక్క నిమిషం ఆలోచించి, "మరి కారు ఆపకుండా ట్రైలర్ ఒక్కదానికే బ్రేక్ వెయ్యాలంటే?" అన్నారు. అలా కుదరదన్నాడు ఓనర్.

ఇంటికి తిరిగొస్తుంటే కార్లో ఆయన అసలు సంగతి చెప్పారు. "మాకు ఇంజన్‌కి ఒక హ్యాండిల్, వెనకాల బండి మొత్తానికి ఇంకో హ్యాండిల్ ఉండేవి. ఘాట్లో వెనక బరువు మన చేతిలో ఉండాలి తల్లీ. పోయినేడు మీరు అద్దెకి తీసుకున్నదానికీ ఈ సర్జ్ బ్రేకులేగా, దాన్ని కట్టుకుని గేర్ తగ్గించి పది మైళ్ళు దిగారు కదా, ఆ పది మైళ్ళూ ట్రైలర్ కారుని తోస్తూనే ఉంది. అంటే దాని బ్రేక్ పట్టే ఉంది. పొగ రాదూ మరి!"

ఏడాదిగా నేను వెతుకుతున్న జవాబు అదే. తప్పు ట్రైలర్ అద్దెకిచ్చినవాళ్ళదీ కాదు, శ్రీనివాస్‌దీ కాదు. మర్నాడే డెంటన్ వెళ్ళి ఎలక్ట్రిక్ బ్రేకులున్నది తీసుకున్నాం. మా ఎస్‌యూవీలో స్టీరింగ్ కింద బ్రేక్ కంట్రోలర్ పెట్టించడానికి లేబర్‌తో కలిపి సుమారు మూడు వందల డాలర్లయింది. అది అరచేతిలో పట్టే చిన్న పెట్టె, దానికో మీట. కారు బ్రేక్ పెడల్ తొక్కితే రెండింటికీ, మీట నొక్కితే ట్రైలర్ చక్రాలకి మాత్రమే బ్రేక్ పడుతుంది. నాలుగు ఆదివారాలు పొద్దున్నే ఖాళీ స్కూల్ పార్కింగ్‌లో మామయ్యగారు పక్కన కూర్చుని నాచేత మలుపులు, రివర్సు, మీట ప్రాక్టీస్ చేయించారు. శ్రీనివాస్ చూడ్డానికి కూడా రాలేదు. నాలుగో ఆదివారం మాత్రం ఫ్లాస్కులో టీ పట్టుకొచ్చి, "ఎన్నింటికి బయల్దేరాలి?" అన్నాడు.

జూన్‌లో ఒక గురువారం ఉదయం ఆరింటికి ముగ్గురం బయల్దేరాం. 287 హైవే మీద విచిటా ఫాల్స్ దాటుకుంటూ, గంటకి అరవై మైళ్ళు మించకుండా, అమరిల్లో చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. ఆ రోజుకి అక్కడే ఆగిపోయాం. ట్రైలర్ ఆపుకోవడానికి కరెంటు, నీళ్ళ కనెక్షన్ ఉన్న సైట్‌కి నలభై ఐదు డాలర్లు. మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఒక్క రోజులోనే కొలరాడో చేరాలని చూడకండి. ట్రైలర్‌తో నడిపితే మామూలుకన్నా రెట్టింపు అలసట.

రెండో రోజు ఏడింటికి కదిలాం. డ్యూమాస్ మీదుగా డాల్‌హార్ట్ దాటాక అడ్డానికి ఒక్క చెట్టు కూడా లేని మైదానం, పక్కనుంచి కొట్టే గాలి. ఎదురుగా వచ్చిన ఒక పెద్ద ట్రక్కు మమ్మల్ని దాటిపోగానే ట్రైలర్ మొదట ఎడమకి లాగింది, తర్వాత కుడికి, మళ్ళీ ఎడమకి. ప్రతిసారీ ఊపు పెరుగుతోంది. "బ్రేక్! బ్రేక్ తొక్కు!" అని వెనక సీట్లోంచి శ్రీనివాస్ అరిచాడు. నా కాలు కూడా అటే వెళ్ళింది.

"కాలు తియ్యి. స్టీరింగ్ నిలబెట్టు. మీట" అన్నారు మామయ్యగారు, పార్కింగ్ లాట్‌లో చెప్పిన గొంతుతోనే.

యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, మీట మెల్లగా నొక్కాను. వెనకనుంచి ఎవరో పట్టుకుని లాగినట్టు ట్రైలర్ సర్దుకుని తిన్నగా మా వెనకాలే వచ్చింది. మొత్తం ఐదారు సెకన్లు పట్టిందేమో. ఆ తర్వాత నాకు నవ్వొచ్చింది, ఆపుకోలేనంత నవ్వు. చేసింది నేనే కదా!

న్యూ మెక్సికోలోకి అడుగుపెట్టగానే గడియారం గంట వెనక్కి వెళ్తుంది, ప్లాన్ వేసుకునేటప్పుడు గుర్తుంచుకోండి. క్లేటన్‌లో పెరుగన్నం తిన్నాం. అక్కడ కారు బ్యాటరీ దిగిపోకుండా శ్రీనివాస్ ట్రైలర్ వైర్ల ప్లగ్ పీకి, బయల్దేరేటప్పుడు మళ్ళీ పెట్టాడు. పన్నెండున్నరకి రటోన్ ఊరు చేరాం. అక్కడినుంచి ఇంటర్‌స్టేట్ 25 మీద కొండెక్కి, దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తున రటోన్ పాస్ దాటి, అవతల ట్రినిడాడ్ దాకా దిగాలి. దిగుడే పదమూడు మైళ్ళు ఉంటుంది. ఎక్కడానికి ముందు గ్యాస్ స్టేషన్లో ఆగమన్నారు మామయ్యగారు.

"ఘాట్‌కి ముందు బ్రేక్ టెస్ట్ చెయ్యకుండా నేనెప్పుడూ బండి కదపలేదు" అన్నారు.

ఖాళీగా ఉన్న వైపు గంటకి పదిహేను మైళ్ళతో నడిపి మీట నొక్కాను. ఏమీ కాలేదు. ఇంకా గట్టిగా నొక్కాను. ట్రైలర్ మామూలుగానే వస్తోంది. కంట్రోలర్ వైపు వంగి చూస్తే, ట్రైలర్‌కి కనెక్షన్ ఉందని ఎప్పుడూ వెలిగి చూపించే గుర్తు లేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నేను గమనించనే లేదు.

పక్కనే ఆవుల ట్రైలర్ కట్టిన ట్రక్కుకి డీజిల్ కొట్టుకుంటున్న ఒక పెద్దాయన మా హడావుడి చూసి వచ్చాడు. "ఎలక్ట్రిక్?" అని అడిగి, తిన్నగా ప్లగ్ దగ్గరికెళ్ళి రెండు వేళ్ళతో కదిపాడు. అది సగమే లోపలికెళ్ళి ఉంది. పూర్తిగా నొక్కి, మూత కొక్కెం పడ్డాక, "నౌ ట్రై, మ్యామ్" అన్నాడు. నేను మళ్ళీ నడిపి మీట నొక్కాను. ట్రైలర్ టక్కున పట్టుకుంది. "గుడ్. సర్జ్ అయితే ఈ ప్లగ్ గొడవే లేదు. కానీ ఈ కొండకి నేనూ ఇదే తెస్తాను" అని నవ్వి, టోపీ సర్దుకుని వెళ్ళిపోయాడు.

శ్రీనివాస్ ప్లగ్ దగ్గరికెళ్ళి, మూత కొక్కెం తనూ ఒకసారి నొక్కి చూశాడు. "ప్లగ్ పెట్టింది నేనే నాన్నా" అన్నాడు.

"తెలుసురా. నేనూ ఒకసారి బ్రేక్ పైపు సరిగ్గా కలపని బండితో బయల్దేరబోయాను. టెస్టే కాపాడింది. ఎక్కు" అన్నారు మామయ్యగారు.

పాస్ పైకి చేరగానే గేర్ తగ్గించాను. కింద లోయ, దూరంగా మంచు మిగిలిన జంట శిఖరాలు. స్పీడు యాభై దాటబోయినప్పుడల్లా పెడల్ ఒకసారి స్థిరంగా తొక్కి నలభైకి తెచ్చి వదిలెయ్యడం, బ్రేకుల్ని చల్లారనివ్వడం. ట్రైలర్ కారుని ఒక్కసారి కూడా తోయలేదు. ట్రినిడాడ్‌లో ఆగీ ఆగగానే శ్రీనివాస్ దిగి పరిగెత్తి, ట్రైలర్ చక్రం మధ్యలో చెయ్యి దగ్గరగా పెట్టాడు. తర్వాత ఏకంగా ఆనించాడు.

"వెచ్చగా ఉందంతే!" అని పార్కింగ్ మొత్తానికి వినపడేలా అరిచాడు. "లలితా, వెచ్చగా ఉందంతే!"

సాయంత్రం నాలుగింటికి చెరువు పక్కన మా సైట్‌లో ట్రైలర్‌ని రెండో ప్రయత్నంలోనే రివర్స్ చేసి పెట్టాను. పక్క సైట్ వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను సిగ్గుపడలేదు, చెయ్యూపాను.

పడవ నీళ్ళలోకి దింపేవాళ్ళకి, ట్రైలర్‌ని ఇవాళ ఒక కారుకి రేపు ఇంకో కారుకి కట్టేవాళ్ళకి సర్జ్ బ్రేకులే హాయి. మాలాగా ఒకే కారుతో కొండలెక్కి దిగేవాళ్ళకి ఎలక్ట్రిక్. ఇంతే తేడా. కానీ ఈ ఇంతే తేడా తెలియక మా ఇంట్లో ఏడాదిపాటు ఒక భయం కాపురం ఉంది. అది మా ఆయన చేతగానితనమని ఆయన, నా మొండితనమని నేను అనుకుంటూ గడిపాం. నిజానికి మాకు లేనిది ధైర్యం కాదు, ఆ ఇనుము ఎలా పనిచేస్తుందో తెలియడం. తెలిశాక ఎనిమిది వేల అడుగుల కొండ కూడా ఒక రోడ్డే.

చిన్న సలహా: కారు, ట్రైలర్ మధ్య ప్లగ్ ఎప్పుడు పీకి పెట్టినా, మళ్ళీ రోడ్డెక్కేముందు నెమ్మదిగా పది గజాలు నడిపి మీట ఒకసారి నొక్కి చూడండి. ట్రైలర్ వెనక్కి లాగిందంటేనే బయల్దేరండి.