రెండు ముక్కలు చేతిలో, అయిదు చాప మీద

ఆ రోజుల్లో కొత్తల్లుడికి ఉన్నంత తెలివి లోకంలో ఇంకెవరికీ ఉండేది కాదు. కనీసం అత్తవారింట్లో అందరూ కలిసి అలా నమ్మించేవారు. నేనెంత గట్టిగా నమ్మానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. మాది మిర్యాలగూడ, నా కొలువు సూర్యాపేటలో ఒక బట్టల దుకాణంలో, అత్తగారిల్లు కోదాడ. పోలీసు చర్య ముగిసి, రోడ్డు మీద బస్సులు మళ్లీ ధైర్యంగా తిరుగుతున్న కాలంలో నా పెళ్లయింది. పప్పన్నం ముందు అలిగి కూర్చుని మరీ చేతి గడియారం సాధించాను. (టైము చూసి చేసే పని నాకేదీ లేదు. దుకాణం తెరవాలన్నా మూయాలన్నా సేటు దగ్గితే చాలు.) మామయ్య బెజవాడ దాకా పోయి తెచ్చిన గడియారమది.

మా బావమరిది యుద్ధంలో బర్మా దాకా పోయి, అక్కడ అమెరికా సిపాయిల దగ్గర ఒక కొత్త పేకాట నేర్చుకొచ్చాడు. దసరాకు నన్ను పిలిచినప్పుడు, భోజనాలయ్యాక చాప పరిచి, మనిషికో గుప్పెడు చింతగింజలు పోసి పాఠం మొదలుపెట్టాడు. "బావా, మనిషికి రెండే ముక్కలు. అవి ఎవరికీ సూపియ్యొద్దు. నడుమ అయిదు ముక్కలు పడ్తయి, అవి అందరియి. ముందుగాల మూడు, ఎనుక ఒకటి, ఇంకొకటి. పడ్డప్పుడల్లా గింజలు ఒడ్డాలె, లేకుంటే ముక్కలు పారెయ్యాలె. చేతిల రెండు, చాప మీద అయిదు, అన్నిట్ల మంచివి అయిదు ఏరుకున్నోడు గెలిచినట్టు."

"అందరివీ అంటే ఎవరైనా తీసుకోవచ్చా?" అని మామయ్య అడిగాడు.

"తీసుకోవద్దు నాయనా. సూసి లెక్కేసుకోవాలె, అంతే."

"ఊరబావి లెక్కన్నమాట. అందరిదీ, ఎవరూ ఇంటికి మోసుకుపోరు" అన్నాడు మామయ్య. ఆయనకు ఆట అంతకంటే ఎక్కువ అర్థం కాలేదనుకున్నాను.

"ఇగ అసలు కిటుకు చెప్తున్న. ముక్కలు లేకున్నా ఉన్నట్టు కూసోవాలె" అన్నాడు బావమరిది. ఆ ఒక్క మాట నాకు బాగా నచ్చింది. చేతిలో పనికిమాలిన ఏడూ రెండూ పట్టుకుని, మీసం మెలేసి, గింజలన్నీ ముందుకు తోశాను. మామయ్య తన ముక్కలు చూసుకున్నాడు, నా మొహం చూశాడు, నిట్టూర్చి ముక్కలు పారేశాడు. "అల్లుడుగారి చేతిలో ఏదో ఉంది, మనవల్ల కాదు" అన్నాడు. బావమరిది ఏదో అనబోతే మామయ్య మోచేత్తో పొడిచాడు. (ఎందుకు పొడిచాడో ఆలోచించే తీరిక అప్పుడు నాకెక్కడిది?) ప్రతి ఆటా అంతే. పొద్దు వాలేసరికి చింతగింజలన్నీ నా ముందే ఉన్నాయి. తలుపు వెనక మా ఆవిడ గాజుల చప్పుడు, దానితోపాటు నవ్వు వినిపించాయి. మొగుడి ప్రతాపం చూసి మురిసిపోతోందనుకున్నాను. గెలిచిన గింజలు మూటగట్టుకుని మరీ బస్సెక్కాను.

సూర్యాపేటలో నా విద్య ఊరికే ఉంటుందా? స్నేహితులను కూడగట్టి ఆట నేర్పాను. వాళ్లలో కోదాడ బస్సు నడిపే డ్రైవరు ఒకాయన. ఆయన తన కొత్త గొంగడి ఒడ్డితే, నేను గడియారం ఒడ్డి మీసం మెలేశాను. ఆయన నన్ను తేరిపార చూసి, "తమ్మీ, నీ మీసం అదురుతాంది. నీ తాన ఏం లేదు, సూపియ్" అన్నాడు. నిజంగానే ఏం లేదు. ఆయన దగ్గర రెండు పదులున్నాయి. గడియారం ఆయన చేతికెక్కింది.

అంతలో కోదాడ నుంచి కబురొచ్చింది. ఉగాదికి వస్తే, మంచిరోజు చూసి పిల్లను కాపురానికి పంపే మాట మాట్లాడుకుందామని. పేకాటలో పెళ్లినాటి గడియారం పోగొట్టుకున్నవాడికి పిల్లనెవరు పంపుతారు? ఉగాది నాడు అదే డ్రైవరు బస్సులో పోయాను. కాళ్లావేళ్లా పడైనా అడుగుదామని చూస్తే, ఆయన చేతికీ గడియారం లేదు. ఎక్కడో అమ్ముకున్నాడనుకుని ఉసూరుమన్నాను.

ఆ ఎండలో చొక్కా చేతులు వేళ్ల దాకా లాక్కుని కూర్చున్నా, మామయ్య గడియారం ఊసే ఎత్తలేదు. భోజనాలయ్యాక మళ్లీ చాప పరిచారు. ఆడుతూ ఆడుతూ మామయ్య గింజలు అయిపోయాయి. నింపాదిగా రొంటిన చేయి పెట్టి, నా గడియారం తీసి చాప మీద పెట్టాడు. చాప మీది అయిదింట్లో ఒక రాజుంది, నా చేతిలో మాత్రం ఏమీ లేదు. అయినా మీసం మెలేసి గింజలన్నీ తోశాను. "అబ్బో, అల్లుడుగారి ముందు మనం నిలవలేం" అంటూ ఆయన ముక్కలు బోర్లా పారేశాడు.

ఎందుకో ఆ రోజు వాటిని తిప్పి చూశాను. రెండూ రాజులే.

"మూడు రాజులు పెట్టుకుని పారేసిండ్రా మామయ్యా?"

"ఇంటల్లుణ్ణి గెలిచి నేనేం బావుకుంటాను?"

"మరి ఆ డ్రైవర్ తాన ఉన్నది మీకెట్ల..."

"బస్సెక్కినప్పుడు ఆయన చేతికి కనపడింది. నా పొట్టేలును ఒడ్డి ఆడాను" అన్నాడు మామయ్య, ముక్కలు కలుపుతూ. "ఆయన నాకు అల్లుడు కాదు గదా."

తలుపు వెనక గాజులు గలగలమన్నాయి. నేను తల ఎత్తలేదు. మామయ్యే అన్నాడు: "పిల్లను మంచిరోజు చూసి పంపుతాం. గింజలు మాత్రం ఈసారి ఇక్కడే పెట్టిపోండి."

మామయ్య పోయి చాలా ఏళ్లయింది, ఆ గడియారమూ ఆగిపోయింది. ఇప్పుడు మామను నేను. మొన్న మా అల్లుడు సెలవులకొచ్చి చాప పరిచాడు. నా చేతిలో రెండు ఆసులు, నడుమ ఇంకొకటి. అతను కాలరు సర్దుకుని గింజలన్నీ ముందుకు తోశాడు. కాలరు మీద వేళ్లు వణుకుతున్నాయి పాపం. నిట్టూర్చి ముక్కలు పారేశాను. "మీకింకా ఈ ఆట పట్టుబడలేదు మామయ్యా" అన్నాడు జాలిగా. వంటింటి తలుపు వెనక మా ముసలిదాని గాజులు గలగలమన్నాయి, వాటితోపాటు నవ్వూ. ఈసారి ఆ నవ్వు ఎవరి గురించో నాకు తెలుసు.