అల్లమే కదా అన్నాను

ఇరవై ఏళ్లుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో కెమిస్ట్రీ చెబుతున్నాను. భోజనాలయ్యాక పిల్లలు కునికిపాట్లు పడే పీరియడ్ ఎప్పుడూ నాకే వస్తుంది. అందుకని ఏటా ఒకరోజు జేబులో అల్లం ముక్కలు వేసుకుని వెళ్తాను. తలా ఒకటి నమలమంటాను. వాళ్ల కళ్లలో నీళ్లు తిరుగుతుండగా బోర్డు మీద అల్లానికి ఘాటునిచ్చే జింజెరాల్ బొమ్మ గీస్తాను. మీ నోరు నిజంగా కాలలేదు, మిరపకాయలోని ఘాటుకు ఇది దగ్గరి చుట్టం, నాలుక మీద వేడిని పసిగట్టే చోటును తట్టి లేని మంట ఉన్నట్టు చెబుతుంది అంటాను. ఎండితే అదే జింజెరాల్ ఒక నీటి అణువును వదులుకుని షోగాల్ అవుతుంది, అందుకే శొంఠి మరీ ఘాటు. ఉడికిస్తే జింజెరోన్ అయి ఘాటు మెత్తబడుతుంది. చివర్లో నాకు చాలా ఇష్టమైన వాక్యం ఒకటి ఉంటుంది: చెట్టు నుంచి వచ్చిందా, ఫ్యాక్టరీ నుంచి వచ్చిందా అని శరీరం అడగదు, అణువు అణువే. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు. ఆ గదిలో దాన్ని నమ్మనివాణ్ణి నేనొక్కణ్ణే అని పోయిన వానాకాలంలో తేలింది.

మేం చంపాపేట్‌లో ఒక ఇంటి పైఅంతస్తులో కిరాయికి ఉంటాం. కింద ఇంటివాళ్లు: ఒక పెద్దావిడ, ఆమె కొడుకు, కోడలు. ఈ కాలనీ ఒకప్పుడు వాళ్ల జొన్నచేనట. పెద్దావిడకు గుండె ఆపరేషన్ అయింది. రక్తం గడ్డకట్టకుండా రోజూ ఒక గోలీ వేసుకోవాలి. ఆ గోలీ ఇచ్చే పని కోడలిది. గడియారం ఆగిపోయినా ఆ మనిషి గోలీ మరిచిపోదు.

పెద్దావిడకు నేనంటే గురి. కోచింగ్ సారు కాబట్టి నాకు అన్నీ తెలుసని ఆమె నమ్మకం. ఆ నమ్మకాన్ని సరిదిద్దాలని నాకు ఎప్పుడూ తోచలేదు. ఒకరోజు మెట్ల మీద కూర్చుని మోకాళ్ల నొప్పులు, కడుపుబ్బరం అంటూ చెప్పుకుంది. వెంటనే నాలోని శాస్త్రవేత్త లేచాడు. పచ్చి అల్లం దంచి రసం తీయడం అందరూ చేసేదే, అందులో నా ప్రతిభ ఏముంటుంది? అందుకని చెంచాడు శొంఠిపొడి కూడా కలిపాను. జింజెరాల్, షోగాల్ రెండూ ఒకే గ్లాసులో. రోజూ పొద్దున్నే స్టీలు గ్లాసుతో నేనే దిగి ఇచ్చేవాణ్ణి. ఆ సమయానికి కొడుకు పనికి వెళ్లిపోయేవాడు, కోడలు పెరట్లో బట్టలు ఉతుకుతుండేది.

అల్లం వికారాన్ని తగ్గిస్తుంది, అరుగుదలకు మంచిది అని మొదటిరోజే పాఠం చెప్పాను. అక్కడితో ఆగవచ్చు. ఆగితే నేనెందుకవుతాను? రక్తాన్ని కూడా పలుచన చేస్తుందమ్మా, గుండెకు మరీ మంచిది అన్నాను.

ఆమె గ్లాసును నోటి దాకా తెచ్చి దించింది.

"నా గోలీ గూడ గదే పని జేస్తది గద సారూ. రెండు గలిస్తే ఎట్ల?"

ఇరవై ఏళ్లలో నా క్లాసులో ఏ ర్యాంకరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. నేను నవ్వాను.

"అది మందమ్మా. ఇది అల్లమే కదా."

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఇలాంటి గోలీలు వాడేవాళ్లు అల్లం ఎక్కువగా తీసుకునే ముందు డాక్టర్‌ను అడగాలని నేను చదివాను. వ్యాసం చివర చిన్న అక్షరాల్లో ఉంది. అది నా ఉపన్యాసం ఊపును చెడగొడుతుందని వదిలేశాను. పైగా వంటింటి సంగతులు డాక్టర్లకు చెబితే నవ్వుతారు, చెప్పకండి అని ఆమెకు సలహా కూడా ఇచ్చాను.

నెల తిరిగేసరికి పెద్దావిడ చేతుల మీద నీలం మచ్చలు లేచాయి. పళ్లు తోముకుంటే నెత్తురు. ఎల్బీ నగర్‌లో దవాఖానకు తీసుకెళ్తే రక్తం మరీ పలుచగా ఉందన్నారు. గోలీ రెండుసార్లు పడిందా అని డాక్టర్ అడిగాడట. అంతే, ఇంటికి వచ్చాక కొడుకు ఆ ప్రశ్నను భార్య మీదికి తిప్పాడు. ఆమె గోలీల షీటు తెచ్చి, మెట్ల దగ్గరే కూర్చుని ఒక్కొక్కటి లెక్క చూపించింది. లెక్క సరిగ్గా ఉంది. కొత్త షీటు తెచ్చి కలిపావేమోనన్నాడు అతను. పెద్దావిడ అల్లం రసం మాట ఎత్తలేదు. డాక్టర్లకు చెప్పవద్దని సారు చెప్పాడు కదా, ఆమె మాట మీద నిలబడే మనిషి.

మెట్ల పైన నేను అన్నీ విన్నాను. గ్లాసు మానేశాను. నా ధైర్యం అంతవరకే వచ్చింది. నాలుగు రోజులు ఇంట్లో పిల్లిలా తిరిగాను. మచ్చలు వేరే కారణం వల్ల కావచ్చు, ఒక్క అల్లానికే అంత శక్తి ఉంటుందా అని నాకు నేనే చెప్పుకున్నాను. క్లాసులో అణువు అణువే, ఇంట్లో మాత్రం అల్లం పాపం అమాయకురాలు. ఆ నాలుగు రోజులూ కింద కోడలి గొంతు వినపడలేదు. గోలీ ఇచ్చే పని కొడుకు తీసుకున్నాడు.

అయిదో రోజు నా భార్య కాఫీ ఇస్తూ అంది:

"క్లాసులో అయితే గంటసేపు ఆపకుండా చెబుతారుగా. కింద రెండు ముక్కలు చెప్పడానికి గొంతు పెగలట్లేదా?"

దిగాను. కోడలు ఒక్కతే ఉంది, బియ్యంలో రాళ్లు ఏరుతోంది. అంతా చెప్పాను, శొంఠిపొడితో సహా. ఆమె చేట పక్కన పెట్టలేదు.

"నాకు జెప్తే ఏమొస్తది సారూ. నేను జెయ్యలేదని నాకెర్కనే. గా డాక్టర్ ముంగట జెప్పుర్రి. గాడనే మా ఆయనకు నా మీద అనుమానం వచ్చింది."

మర్నాడు వాళ్ల కారులో నేనూ వెళ్లాను. ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర ఆగినంతసేపూ చెప్పాల్సిన మాటలు లోలోపల వల్లె వేసుకున్నాను. డాక్టర్ గదిలో, కొడుకూ కోడలూ పక్కన ఉండగా, గ్లాసు కొలతలతో సహా అప్పజెప్పాను. అల్లమే కారణమని ఖాయంగా చెప్పలేను, కానీ ఈ గోలీతో పాటు రోజూ అంత ఘాటు రసం తాగించడం తెలివితక్కువ పని అని డాక్టర్ అన్నాడు. కూరలో వేసేంత పరవాలేదట. తర్వాత నన్ను చూసి, మీరేం చేస్తుంటారు అని అడిగాడు. కెమిస్ట్రీ చెబుతాను అన్నాను. ఆయన పెన్ను ఒక క్షణం ఆగింది. అంతకంటే పెద్ద తిట్టు నేను ఇంతవరకు తినలేదు.

బయటికి వచ్చాక కోడలు భర్త వైపు తిరిగింది.

"ఇన్నవా?"

"ఇన్న" అన్నాడతను, నేల చూస్తూ.

గోలీ పని మళ్లీ ఆమె చేతికి వచ్చింది. పెద్దావిడ చేతుల మీద మచ్చలు మెల్లగా పసుపుపచ్చ తిరిగి పోయాయి. కోడలు నాతో మాట్లాడటం మాత్రం మానేసింది. నేను మెట్లు దిగుతుంటే బకెట్ తీసుకుని లోపలికి వెళ్లేది. అందులో ఆమె తప్పేమీ లేదు. ఆమె పోగొట్టుకున్న ఆ నాలుగు రోజులు నేను తిరిగి ఇచ్చేవి కావు.

పోయిన ఆదివారం పెద్దావిడ ఎప్పటిలాగే మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, పిడికెడు ఎల్లిగడ్డ రెబ్బలు చూపించింది. రోజూ నాలుగు పచ్చివి మింగితే మంచిదని ఎవరో చెప్పారట, సారు ఏమంటాడని అడిగింది. వెల్లుల్లి రసాయనాల మీద నాకు ఒక గంట పాఠం వచ్చు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

"నాకు తెలీదమ్మా. డాక్టర్‌ను అడుగుదాం."

దండెం మీద బట్టలు ఆరేస్తున్న కోడలు వెనక్కి తిరగకుండానే అంది:

"గీ మాట ముందుగాల జెప్తే ఐపోవు గద సారూ."